కొత్త మోటారు సైకిలుతో తొలి పరిచయం

కొద్దికాలం క్రిందట మా బంధువులలో ఒక యువకుడు పెద్ద మోటారు సైకిలు కొన్నాడు. అంతవరకు అతడు నడిపినది 100 సీసీల చిన్నబండి. కొత్తది దానికి రెట్టింపు బరువు. బలమో, అనేక రెట్లు. బండి ఇంటికి వచ్చిననాటినుండి అతని తల్లి గుండెమీద చేయి వేసుకొని నిద్రించలేదు. పైగా ఆ కుర్రవాడు మద్రాసు దగ్గర ఉన్న రేసు బాటకు పోయి అక్కడ బండి నడుపుతానన్నాడు. "పందేలు మనకెందుకు, అన్నయ్యా! నీవైనా వద్దని చెప్పు" అని ఆమె నన్ను కోరింది. "వద్దని చెప్పను, తల్లీ. ఆ బండిని హైవే మీద నేర్చుకోవటంకంటె అక్కడ నేర్చుకోవటమే మేలు" అన్నాను. అట్లా ఎందుకన్నానో మీకు కూడ మనవి చేస్తాను.

ముందుగా ఒక అపోహ తొలగవలెను. 'ట్రాక్ డే' అంటే పందెం కాదు. అక్కడ గెలుపు లేదు, బహుమతి లేదు. రుసుము చెల్లించి, మూసి ఉంచిన బాటపై, నియమాలకు లోబడి ఎవరి బండిని వారు నడుపుకొనే దినం అది. ఎదురుగా లారీ రాదు. అడ్డంగా గేదె రాదు. పక్కసందులోనుండి ఆటో దూసుకురాదు. అందరూ ఒకే దిక్కుగా పోతారు. తప్పుచేసినవానికి బాట ప్రక్కన ఖాళీస్థలం ఉంటుంది. అంబులెన్సు సిద్ధంగా ఉంటుంది. మన రోడ్లమీద 2022వ సంవత్సరంలో 1,68,000 మందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. వారిలో నూటికి 44 మంది ద్విచక్ర వాహనాలమీద పోయేవారే. ఈ లెక్క తెలిసినవారు ఖాళీబాట విలువను తక్కువగా చూడరు.

దక్షిణదేశంలో ఈ వినోదానికి పాత చరిత్రయే ఉన్నది. మద్రాసునుండి నెల్లూరు వచ్చే దారిలో షోలవరం వద్ద, రెండవ ప్రపంచయుద్ధకాలపు విమానాల బాటమీద అనేక సంవత్సరాలు పందేలు జరిగాయి. తరువాత 1990లో శ్రీపెరంబుదూరు సమీపాన ఇరుంగాట్టుకోట్టైలో ప్రత్యేకంగా నిర్మించిన బాట వచ్చినది. దాని చుట్టుకొలత సుమారు 3.7 కిలోమీటర్లు, మలుపులు 12. తెలుగుదేశపు యువకులకు చాలమందికి దగ్గరి బాట అదే.

ఇక బండి సంగతి. పాతబండిని నడిపేటప్పుడు మనం ఆలోచించి నడుపము. బ్రేకు ఎంత నొక్కితే ఎంత ఆగునో వేళ్లకు తెలుసు. గేరు ఎప్పుడు మార్చవలెనో చెవికి తెలుసు. ఏండ్ల తరబడి ఒంటికి పట్టిన ఈ విద్యయే కొత్తబండిమీద మనలను మోసగిస్తుంది. మనస్సు 'ఇది కొత్తది' అని గుర్తుంచుకొన్నా, చేతులు మాత్రం పాతబండినే నడుపుతూ ఉంటాయి.

దీనికి నా అనుభవమే సాక్ష్యం. కొన్నేండ్ల క్రిందట నేనుకూడ కొత్తబండితో ఆ బాటకు పోయాను. పాతబండిమీద ఒక మలుపుకు ముందు ఫలానిచోట బ్రేకు వేసే అలవాటు నాకున్నది. కొత్తబండి అదేచోటికి ఎంతో ఎక్కువ వేగంతో చేరినది. చేయి మాత్రం పాతచోటనే, పాతబలంతోనే బ్రేకు నొక్కినది. మలుపు మీదికి వచ్చింది. భయంతో నా చూపు బాట అంచున ఉన్న గడ్డిమీద పడింది. బండి ఆ గడ్డిలోకే పోయింది. మణికట్టు బెణికినది. అంతకుమించి ఏమీ కాలేదు. బండి తప్పు లేదు, బాట తప్పు లేదు, తొందర నాది. అదే రోడ్డుమీద జరిగి, గడ్డి ఉన్నచోట ఒక చెట్టు ఉండి ఉంటే ఈ ప్రసంగం మరొకరు చేయవలసివచ్చేది.

ఆ చిన్న దెబ్బలో మూడు పాఠాలున్నాయి. మొదటిది బ్రేకు. వేగం రెండింతలైతే ఆగటానికి పట్టే దూరం నాలుగింతలవుతుంది. గంటకు 50 కిలోమీటర్ల వేగంలో గట్టి బ్రేకుతో సుమారు 12 మీటర్లలో ఆగే బండికి, 100 కిలోమీటర్ల వేగంలో 48 మీటర్లు కావలెను. ప్రమాదం గుర్తించి చేయి కదలటానికి ఒక్క సెకను పట్టినా, ఆ లోపల మరి 28 మీటర్లు గడచిపోతాయి. బ్రేకు వేసినప్పుడు బరువంతా ముందుచక్రంమీదికి వస్తుంది. కనుక ఆపే శక్తిలో ఎక్కువభాగం ముందుబ్రేకుదే. అయితే దానిని ఒక్కసారిగా లాగరాదు. బరువు ముందుకు చేరేంతవరకు మెల్లగా, చేరిన తరువాత గట్టిగా, నిమ్మకాయ పిండినట్లు నొక్కవలెను. 2019 ఏప్రిలునుండి 125 సీసీలకు మించిన కొత్తబళ్లకు ఏబీఎస్ తప్పనిసరి అయినది. అది చక్రం బిగుసుకుపోకుండ కాపాడుతుందేగాని, దూరపు లెక్కను రద్దుచేయదు.

రెండవది టైరు పట్టు. నేలను తాకే టైరుభాగం అరచేయంత మాత్రమే. దాని పట్టును పదహారణాల రూపాయి అనుకొందాము. అందులోనే బ్రేకుకు ఖర్చు, అందులోనే మలుపుకు ఖర్చు. మొత్తం బ్రేకుకే వెచ్చిస్తే మలుపుకు మిగిలేది సున్న. అందువలన బ్రేకు పని చాలవరకు మలుపుకు ముందే ముగించి, బండి వంగేకొద్దీ వేళ్లు సడలించవలెను. మలుపు విడిచి బండి నిటారుగా లేచేకొద్దీ యాక్సిలరేటరు తిప్పవలెను. 50 మీటర్ల అర్ధవ్యాసం గల మలుపును 60 కిలోమీటర్ల వేగంతో తిరగటానికి సుమారు 30 డిగ్రీలు వంగితే చాలును; 80 కిలోమీటర్లకు 45 డిగ్రీలు వంగవలెను. వేగం కొంచెమే పెరిగినట్లుంటుంది. వంపు మాత్రం చాల పెరుగుతుంది. కొత్తటైర్ల పైపొర నునుపుగా ఉంటుంది కాబట్టి, అది అరిగి, టైరు వేడెక్కేంతవరకు ఈ వంపు కోరరాదు.

మూడవది చూపు. మోటారు సైకిలు మన చూపు పోయినచోటికే పోతుంది. గుంటను చూస్తే గుంటలో పడుతుంది. మలుపు కొసను చూస్తే మలుపు తిరుగుతుంది. దీనితోపాటు తెలుసుకోవలసిన వింత ఒకటున్నది. వేగంలో కుడికి తిరగవలెనంటే కుడిపిడిని మెల్లగా ముందుకు నెట్టవలెను. క్షణకాలం చక్రం ఎడమకు తిరుగుతుంది. దానితో బండి కుడికి వంగుతుంది. తెలియకుండానే అందరమూ చేసే పని ఇది. తెలిసి చేస్తే బరువుబండికూడ మాట వింటుంది.

ఇక ఆ దినపు క్రమం. ఉదయం బండిని పరీక్షిస్తారు: నూనె కారరాదు, బ్రేకులు బాగుండవలెను, లైట్లపై టేపు అంటించవలెను. తోలు దుస్తులు, చేతితొడుగులు, చీలమండ దాటిన బూట్లు, ముఖమంతా కప్పే హెల్మెట్టు తప్పనిసరి. అనుభవాన్నిబట్టి జట్లు చేసి, ఒక్కొక్క జట్టును పదిహేను, ఇరవై నిమిషాలు వదలుతారు. పసుపుజెండా చూపితే జాగ్రత్త, ముందువానిని దాటరాదు. ఎర్రజెండా అయితే అందరూ మెల్లగా వెనుకకు రావలెను.

మొదటి విడతలో బాటను మాత్రమే నేర్చుకోవలెను. ఒకటి రెండు గేర్లు చాలును. రెండవ విడతలో బ్రేకు. ఎంతో ముందుగా వేయటం మొదలుపెట్టి, చుట్టుచుట్టుకూ కొద్దికొద్దిగా మలుపు వైపు జరపవలెను. మూడవ విడతలో చూపు, శరీరపు వంపు. షాకబ్జర్లను మన బరువుకు తగినట్లు సరిచేయించుకొన్నా, టైరుగాలి మార్చినా, ఒకసారికి ఒక్కమార్పే చేయవలెను. లేకపోతే గుణమెక్కడిదో, దోషమెక్కడిదో తెలియదు. అలసట తెలిసిన క్షణాన దిగిపోవలెను. బయలుదేరేముందు బీమాపత్రం చదువుకోవటం మరువరాదు. మామూలు బీమా పందేలకు, వేగపరీక్షలకు వర్తించదు.

మా కుర్రవాడు పోయివచ్చాడు. "ఎంత వేగం పోయావురా?" అని అడిగాను. "వేగం సంగతి సరే, మామయ్యా. ఆ వేగంలో ఆగటానికి ఎంతదూరం కావాలో ఇన్నాళ్లూ నాకు తెలియదు" అన్నాడు. ఇప్పుడతడు ఊరిలో ముందులారీకి మునుపటికంటె దూరంగా నడుపుతున్నాడని వాళ్ల అమ్మ చెప్పింది. రేసు బాట నేర్పవలసిన పాఠం అదే.