ఇసుకదొడ్డికి బాలబందితీగ

సముద్రపుగాలికి ఇసుక యెగిరి దొడ్డిలోని మొక్కలను కప్పివేయుట నెల్లూరు తీరమున మైపాడు మొదలగు గ్రామముల రైతులకు క్రొత్త గాదు. దానిని నిలుపు సాధనము ఆ యిసుకదిబ్బలమీదనే కలదు. అదియే బాలబందితీగ, చెవులపిల్లితీగ యనియు నందురు. ఆకు మేకగిట్టవలె చీలియుండును. ఊదారంగు పూవులు ఉదయమున విచ్చును. కణుపుకణుపునను వేరు దిగుటచే ఇసుక కదలదు. 2004 డిసెంబరు 26 నాటి సునామివంటి యుప్పెనను సైతము ఇది యాపునని తలపరాదు. ఇది పట్టునది గాలికెగయు ఇసుకను మాత్రమే.

ఈ తీరమునకు ముఖ్యమగు వానలు ఆశ్వయుజ కార్తీకములలో గురియును గావున అప్పుడే మూరెడు తీగముక్కలను, రెండు కణుపులు ఇసుకలో మునుగునట్లు, బారెడెడముగా పాతవలెను. వేరూనువఱకు తడి నిచ్చిన చాలును. పిమ్మట నీరుగాని ఎరువుగాని కోరదు. గింజ పెంకు మిక్కిలి గట్టిది; గరుకురాతిపై నొకప్రక్క రాచి, రాత్రి నానవేసి విత్తనిచో మొలకకు చాలకాలము పట్టును. ఆ గట్టిపెంకు వలననే గింజ ఉప్పునీట చెడక తేలిపోయి, ఉష్ణదేశముల తీరములందెల్ల మొలచుచున్నది.

చెట్టునీడను, నీరు నిలుచు చోటను నాటవలదు. కూరపాదులకు దూరముగా నుంచవలెను. లేనిచో ప్రాకి కప్పివేయును. పశువులమేతకు తగదు. ముక్కలకై దిబ్బమీది తీగను వేళ్లతో పెఱుకరాదు. పెఱికినచోట గాలి గండికొట్టి, ఆ యిసుకయే మరల దొడ్డి జేరును. కొనలు మాత్రము కోసికొనవలెను.