చెప్పుల కాపలా చాలు... అలల్లోకి రండి!

మెట్ట ప్రాంతం వాళ్ళకి సముద్రమంటే పెద్ద పండుగే. ఉదయగిరి కొండ, ఆత్మకూరు చేలు చూస్తూ పెరిగిన మా పిల్లలకి నీళ్ళంటే సోమశిల డ్యామే. ఆ పెన్న నీళ్ళే సంగం, నెల్లూరు దాటి ఊటుకూరు దగ్గర సముద్రంలో కలుస్తాయని చెబితే, "అయితే అక్కడ మన నీళ్ళు కూడా ఉన్నాయన్నమాట!" అని సంబరపడతారు.

మేము వెళ్ళే సముద్రం మైపాడు. ఉదయగిరి నుంచి నెల్లూరు సుమారు 100 కిలోమీటర్లు, అక్కణ్ణించి మరో 25. ఒక రాత్రి నెల్లూరులో చుట్టాలింట్లో పడుకుని చీకటితోనే బయల్దేరితే, సముద్రంలోంచి సూర్యుడు పైకి రావడం చూడొచ్చు. ఆ ఒక్క దృశ్యానికే ప్రయాణం బడలికంతా పోతుంది.

అయితే ఎప్పుడు వెళ్ళినా ఒకటి గమనిస్తుంటాను. మగవాళ్ళూ పిల్లలూ కేరింతలు కొడుతుంటే ఆడవాళ్ళేమో ఒడ్డున చెప్పులకీ, వాచీలకీ, పులిహోర క్యారియర్లకీ కాపలా! "చీర తడుస్తుంది, నలుగురూ చూస్తారు" అన్న మొహమాటం ఒకటి. ఒకసారి మా అత్తయ్యని చెయ్యి పట్టుకుని మోకాలి లోతుకి తీసుకెళ్ళాను. "రామేశ్వరంలో సంకల్పం చెప్పుకుని మునిగానుగానీ, సముద్రంలో ఆడుకోవడం ఇదే మొదలమ్మాయ్" అంది నవ్వుతూ. అరవై దాటిన మనిషి! నాకు గొంతు పట్టేసినట్టయింది.

అందుకే మా ఇంట్లో ఇప్పుడు కాపలాకి వంతులు. అరగంట ఆయన, అరగంట మరిది, అరగంట నేను. మీరూ ముందే చెప్పేయండి. ఎవరూ కాదనరు, అడగకపోతే మాత్రం ఎవరికీ తోచదు!

ఏం చేయొచ్చంటే...

* తడి ఇసుక మీద చెప్పుల్లేకుండా నడవండి. ముగ్గు వేయండి, అల వచ్చి చెరిపేస్తుంటే పిల్లలు పడే ఆనందం చూడాలి.

* తొక్కుడుబిళ్ళ, కబడ్డీ ఆడండి. పడినా దెబ్బ తగలదు. మా పిల్లలు ఇసుకతో ఉదయగిరి కోట కడతారు.

* ఖాళీ గవ్వలు ఏరండి. లోపల ప్రాణం ఉంటే వదిలేయండి. బొరియల్లోంచి తొంగిచూసే ఎండ్రకాయల్ని కదలకుండా కూర్చుని చూడండి.

* బెస్తవాళ్ళు వల లాగుతుంటే అడ్డుపడకుండా చూడండి. ఏ చేప ఏమిటో అడిగితే ఆప్యాయంగా చెబుతారు.

* వీలుంటే మర్నాడు సూళ్ళూరుపేట వైపు వెళ్ళండి. చలికాలంలో పులికాట్ సరస్సులో రాజహంసలు, నేలపట్టులో గూడబాతులు కనువిందు చేస్తాయి.

ఇవి మరవకండి

తడిసిన చీర కాళ్ళకి చుట్టుకుంటుంది. అల కొడితే లేవనివ్వదు. నూలు చుడీదారే మేలు, చున్నీ నడుముకి బిగించి కట్టుకోండి. బట్టలు మార్చుకోవడానికి రెండు పాత దుప్పట్లు తెస్తే మనమే తెర కట్టుకోవచ్చు.

మోకాలి లోతు దాటొద్దు. అలలు విరుగుతున్నచోటు భయంగా, మధ్యలో నున్నగా, నల్లగా ఉన్నచోటు నెమ్మదిగా కనిపిస్తుంది. నిజానికి ఆ నున్నటి చోటే ఒడ్డుకొచ్చిన నీళ్ళన్నీ వెనక్కి లాక్కుపోయే దారి కావచ్చు. అక్కడికి పోవద్దు. ఒకవేళ లాగితే ఎదురీదకుండా, ఒడ్డుకి సమాంతరంగా పక్కకి జరిగి ఆ లాగుడు తప్పించుకోవాలి. చెయ్యెత్తి కేకేయాలి. పిల్లలు చేతికి అందేంత దూరంలోనే ఉండాలి.

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తుఫాన్ల కాలం, రేడియో, టీవీల్లో హెచ్చరిక విని బయల్దేరండి. జనవరి, ఫిబ్రవరి హాయిగా ఉంటాయి. వేసవి సెలవులైతే ఉదయం తొమ్మిదిలోపు, సాయంత్రం నాలుగు తర్వాతా వెళ్ళండి. పులిహోర పొట్లాల కాగితాలు, ప్లాస్టిక్ కవర్లు సంచీలో వేసుకుని వెనక్కి తీసుకెళ్ళండి.

ఈసారి సముద్రానికి వెళ్ళేముందు పిల్లల బట్టల పక్కనే మీకూ ఒక జత సర్దుకోండి. తడవడానికి!