పద్దెనిమిదేళ్ళు నిండిన మర్నాడు

శరణాలయంలో పెరిగే పిల్లల్ని చూస్తే మనకి ముందుగా కలిగేది జాలి. "పాపం, తల్లీ తండ్రీ లేరట" అంటాం. సంక్రాంతికి అరిసెలూ పోకుండలూ పట్టుకెళ్ళి పంచిపెడతాం. ఇంట్లో పిల్లల పుట్టినరోజు వస్తే అక్కడ అన్నదానం చేయిస్తాం. ఇదంతా మంచిదే. కాదనేవారెవరూ లేరు. కాని ఆ పిల్లలకి పద్దెనిమిదేళ్ళు నిండిన మర్నాడు ఏమవుతుందో మనం ఎప్పుడైనా ఆలోచించామా? ఈ రోజు ఆ సంగతే కాస్త వివరంగా చెప్పుకుందాం.

మన ఇంట్లో పిల్లకి పద్దెనిమిదేళ్ళు వస్తే ఏమిటి? ఇంకా ఇంటరో డిగ్రీయో చదువుతూ ఉంటుంది. పొద్దున్న నిద్ర లేపాలి, జడ వెయ్యాలి, బస్సు వేళకి కారేజీ సర్దాలి. పెళ్ళయి పిల్లల తల్లి అయ్యాక కూడా ఒంట్లో బాగా లేకపోతే పుట్టింటికే వస్తుంది. అంటే మన పిల్లలు ఒక్కరోజులో పెద్దవాళ్ళయిపోరు. ఒక కాలు గుమ్మం బయటా, ఒక కాలు లోపలా పెట్టి, పదేళ్ళపాటు నెమ్మదిగా పెద్దవాళ్ళవుతారు.

శరణాలయంలో పెరిగిన పిల్లకి ఆ వెసులుబాటు లేదు. చట్టం లెక్కలో బాల్యం పద్దెనిమిదేళ్ళతో ఆఖరు. ఆ రోజుతో ఆమె ఉన్న మంచం ఇంకో చిన్నపిల్లకి ఇవ్వవలసి వస్తుంది. గంట కొడితే భోజనం, గంట కొడితే చదువు, గంట కొడితే నిద్ర - ఇలా పెరిగిన పిల్ల, మర్నాటినించి గంట కొట్టేవాళ్ళు లేని లోకంలో పడుతుంది. కూర ఎంతకి కొనాలో తెలియదు. ఇల్లు అద్దెకి అడిగితే "మీ వాళ్ళెవరమ్మా?" అని అడుగుతారు. ఆ ఒక్క ప్రశ్నకి జవాబు లేకనే చాలామంది అమ్మాయిలు ఎవరో ఒకరి నీడ దొరికితే చాలనుకుని, తెలిసీ తెలియని పెళ్ళిళ్ళలోకీ, జీతం బత్తెం లేని పనుల్లోకీ వెళ్ళిపోతారు. తిండి పెట్టి పెంచిన పదేళ్ళ కష్టమూ ఆ ఒక్క ఏడాదిలో గోదాట్లో కలిసిపోవచ్చు.

ఈ చిక్కు కొత్తదేమీ కాదు. మన రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం పంతులుగారు 1881 డిసెంబరు 11న మొదటి వితంతు వివాహం జరిపించారని మనం చిన్నప్పుడే చదువుకున్నాం. కాని ఆ పెళ్ళి వెనకాల ఉన్న రెండో సగం సంగతి అంతగా చెప్పుకోం. ఊరంతా వెలివేస్తామంటూంటే, వంటవాళ్ళు కూడా రాకపోతే, పంతులుగారి భార్య రాజ్యలక్ష్మమ్మగారు తానే నీళ్ళు మోసి, తానే వంట చేశారు. పుట్టింటివారు కాదన్న ఆడపిల్లలకి ఆ ఇల్లే పుట్టిల్లయింది. పెళ్ళి జరిపించి అక్షింతలు వేస్తే పని అయిపోదనీ, ఆ తరవాత ఉండటానికి చోటూ, బతకడానికి చదువూ, పలకరించడానికి మనిషీ కావాలనీ ఆ దంపతులు గ్రహించారు. అందుకే వితంతు శరణాలయం నడిపారు. తమ ఆస్తిని హితకారిణీ సమాజానికి రాసి ఇచ్చారు. రాజ్యలక్ష్మమ్మగారు 1910లోనూ, పంతులుగారు 1919లోనూ పోయారు. వారికి సంతానం లేదు. కాని కన్నవాళ్ళలా ఆదరించింది ఎందరినో!

ఆ రాజమండ్రిలోనే 1909లో పుట్టిన దుర్గాబాయమ్మగారి కథ ఇంకా దగ్గరగా ఉంటుంది. ఎనిమిదేళ్ళకే పెళ్ళి. ఊహ తెలిశాక ఆ పెళ్ళిలోంచి బయటికి వచ్చారు. ఉద్యమాలూ, జైలూ అయ్యాక, చదువు మళ్ళీ మొదలుపెట్టి, ప్రైవేటుగా బెనారసు మెట్రిక్ ప్యాసయ్యారు. వాల్తేరులో బి.ఏ. చదువుదామంటే ఆడపిల్లలకి హాస్టలు లేదు. చూశారా, తెలివి ఉంది, పట్టుదల ఉంది, అడ్డం వచ్చింది మాత్రం తల దాచుకునే చోటు! ఆవిడ ఏం చేశారంటే, పేపర్లో ప్రకటన వేయించి, తనలాగే చదువుకోవాలని ఉండి వసతి లేక ఆగిపోయిన అమ్మాయిల్ని కూడగట్టి, తామే ఒక వసతి ఏర్పాటు చేసుకున్నారు.

తరవాత 1937లో మద్రాసులో ఆంధ్ర మహిళా సభ స్థాపించినప్పుడు ఆవిడ చేసినదీ అదే. చదువు మధ్యలో ఆగిపోయిన స్త్రీలని చేరదీసి, పాఠాలు చెప్పించి, మెట్రిక్‌కి కూచోబెట్టారు. 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ మండలి ఏర్పడితే దానికి మొదటి అధ్యక్షురాలు ఆవిడే. పెద్ద వయసు స్త్రీలు కొద్దికాలంలో చదువు పూర్తిచేసుకునే పద్ధతిని 1958లో ఆ మండలి దేశమంతటా మొదలుపెట్టింది. అక్కున చేర్చుకోవడం ఎంత ముఖ్యమో, బయటికి సాగనంపే రోజుకి తయారుచేయడం అంత ముఖ్యం అన్నది ఆవిడ పని చూస్తే మనకి తెలిసే పాఠం.

సరే, ఇక ఇవాళ్టి సంగతి. 2015లో వచ్చిన బాలల న్యాయ చట్టం ఈ విషయం పట్టించుకుంది. సంస్థలో పెరిగి పద్దెనిమిదేళ్ళు నిండి బయటికి వచ్చేవారికి ఇరవై ఒకటో ఏడు నిండేదాకా అందించే సాయాన్ని "తదుపరి సంరక్షణ" అందాం. తప్పనిసరి పరిస్థితి ఉంటే ఇంకో రెండేళ్ళు, అంటే ఇరవై మూడు దాకా పొడిగించవచ్చు. 2016 నాటి నియమాల్లో ఆ సాయం ఎలా ఉండాలో కూడా రాశారు. ఆరుగురు, ఎనిమిదిమంది కలిసి ఒక ఇంట్లో కొంతకాలం ఉండే ఏర్పాటు చెయ్యొచ్చు. పని నేర్చుకునేటప్పుడు భత్యం ఇవ్వొచ్చు. పైచదువుకి వేతనం, సొంతంగా వ్యాపారం పెట్టుకునేవారికి అప్పు ఇప్పించడం, తరచు పలకరించి సలహా చెప్పే మనిషిని పెట్టడం - ఇవన్నీ ఉన్నాయి. 2022 నాటి మిషన్ వాత్సల్య మార్గదర్శకాల ప్రకారం ఇలాంటివారికి నెలకి 4,000 రూపాయలు ఇచ్చే వీలుంది.

కాని ఒక్క మాట గమనించండి. చట్టంలో ఆర్థిక సాయం "ఇవ్వవచ్చు" అని ఉంది గాని "ఇచ్చి తీరాలి" అని లేదు. ఆ రెండు మాటల మధ్య ఎంత దూరమో సంసారం చేసేవాళ్ళకి వేరే చెప్పనక్కర్లేదు. అడిగేవాళ్ళుంటే అందుతుంది, లేకపోతే కాగితం మీదే ఉంటుంది. అడగవలసిన చోటు జిల్లా బాలల సంరక్షణ విభాగం, బాలల సంక్షేమ సమితి. 2022 ఏప్రిల్‌లో మన రెండు గోదావరి జిల్లాలూ విడిపోయి కాకినాడ, కోనసీమ, ఏలూరు జిల్లాలు కొత్తగా వచ్చాయి కదా. కనక మీ ఊరు ఇప్పుడు ఏ జిల్లాలో ఉందో చూసుకుని అక్కడే అడగండి. పద్దెనిమిది నిండని పిల్లలకి ఆపద వస్తే ఫోను నెంబరు 1098. ఇది అందరికీ కంఠతా రావలసిన నెంబరు.

మరి మంచి సంస్థ ఎలా ఉండాలి? డబ్బు కంటె ముందు అక్కడి దినచర్య చూడాలి. పదిహేనో ఏడు వచ్చినప్పటినించే పిల్లల్ని వంటింట్లోకి రానివ్వాలి. వంట ఒక్కటే కాదు, సంతకి పంపి, లెక్క రాయించాలి. వందకి ఏం వచ్చింది, ఎంత మిగిలింది, ఎక్కడ మోసపోయాం అన్నది అక్కడే తెలుస్తుంది. పొరపాటున పది రూపాయలు ఎక్కువిచ్చి వచ్చినా తిట్టకూడదు. ఆ పది రూపాయలూ చదువు కింద జమ. పదేళ్ళు దాటిన పిల్లలు తమ పేరు మీద బాంకు ఖాతా నడుపుకోవచ్చు కనక, ఆ ఖాతా తెరిపించి, ఫారం వాళ్ళచేతే నింపించాలి. ఒంటరిగా బస్సెక్కి రాజమండ్రినించి కాకినాడ వెళ్ళి ఒక పని చూసుకుని రావడం నేర్పాలి.

రెండోది కాగితాలు. పుట్టిన తేదీ పత్రం, ఆధార్, చదువు పత్రాలు, కుల ధ్రువపత్రం - మన ఇళ్ళల్లో ఇవన్నీ ఇనప్పెట్టెలో ఉంటాయి. అమ్మో నాన్నో దాస్తారు. ఆ పిల్లకి దాచేవారెవరు? పద్దెనిమిదేళ్ళు నిండేలోగా ఇవన్నీ సంపాదించి, ఒక సంచిలో పెట్టి, ఏ కాగితం దేనికి పనికొస్తుందో చెప్పి చేతికివ్వాలి. ఒక్క పత్రం లేక కాలేజీ సీటూ, ఉద్యోగమూ పోయే లోకం ఇది.

మూడోది పని. ఇక్కడ మనం కాస్త జాగ్రత్తగా ఆలోచించాలి. ఆడపిల్లలనగానే కుట్టుమిషనూ, అల్లికలూ నేర్పిస్తే చాలనుకుంటాం. మన నరసాపురం లేసు సంగతి చూడండి. పందొమ్మిదో శతాబ్దంలో మిషనరీల ద్వారా వచ్చిన విద్య అది. అక్కడి ఆడవాళ్ళ చేతి పనితనం విదేశాల్లో బల్లల మీద పరుచుకుంటున్నారు. 2024లో దానికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. అయినా ఆ లేసు అల్లే స్త్రీలకి దక్కేది ఎంత? మరియా మీస్ అనే జర్మన్ పరిశోధకురాలు 1982లో నరసాపురం లేసు స్త్రీల మీద ఒక పుస్తకం ప్రచురించారు. రోజులో ఎన్నో గంటలు అల్లేవారిని కూడా "తీరిక వేళ ఏదో అల్లుకుంటున్న గృహిణులు"గానే లెక్కకట్టారనీ, బేరం, ఎగుమతి, లాభం అన్నీ ఇతరుల చేతుల్లో ఉండిపోయాయనీ ఆవిడ వివరించారు. పని చేతిలో ఉంది, బజారు చేతిలో లేదు! కనక పిల్లకి అల్లిక నేర్పితే దాని వెల కట్టడం కూడా నేర్పాలి. కుట్టు నేర్పితే కొట్టు నడపడం కూడా చూపించాలి. నర్సింగో, కంప్యూటరో, ఐ.టి.ఐ.లో కరెంటు పనో నేర్చుకుంటానంటే, "ఆడపిల్లకెందుకు?" అని మనమే అడ్డుపడకూడదు.

నాలుగోది, అన్నిటికంటె ముఖ్యమైనది, మనిషి. పూర్వం మన ఊళ్ళల్లో బీద విద్యార్థులు వారాలు చేసుకుని చదువుకునేవారు. సోమవారం ఒక ఇంట్లో, మంగళవారం ఒక ఇంట్లో భోజనం. అందులో లోటుపాట్లు లేకపోలేదు. కులం చూసి పెట్టిన అన్నం అది, ఆడపిల్లలకి ఆ దారే లేదు. కాని ఒక మంచి ఉంది. ఆ కుర్రవాడికి ఊళ్ళో ఏడిళ్ళు తెలిసేవి. పరీక్ష ప్యాసయితే సంతోషించేవారు ఏడుగురు ఉండేవారు. ఉద్యోగానికి నాలుగు మాటలు చెప్పేవారూ దొరికేవారు. ఇవాళ శరణాలయంలో పిల్లకి అన్నానికి లోటు లేదేమో గాని, ఆ ఏడిళ్ళు లేవు. గోడకి ఇవతల ఆమెని పేరుపెట్టి పిలిచేవారు లేరు.

ఇక్కడే మనం చేయగలిగిన పని ఉంది. దానికి ఆస్తులు రాసివ్వక్కర్లేదు. మీ ఊళ్ళోనో, దగ్గర టౌనులోనో ఉన్న సంస్థ అధికారులతో మాట్లాడి, వారి అనుమతితో, వారి పద్ధతి ప్రకారమే, పదిహేనూ పదహారేళ్ళ అమ్మాయి ఒకరికి పెద్ద దిక్కుగా ఉండండి. అన్నదానం నాడు వెళ్ళి ఫోటో తీయించుకుని రావడం కాదు. నెలకి రెండుసార్లు వెళ్ళి, పరీక్షలెలా రాసిందో అడగండి. మీరు బాంకులో పనిచేస్తూంటే బాంకు సంగతులు చెప్పండి, టీచరయితే లెక్కలు చెప్పండి, కొట్టు నడుపుతూంటే సెలవుల్లో మీ కొట్లో కూచోబెట్టండి. కాని జీతం లేని పనిమనిషిగా మాత్రం చూడకండి. పద్దెనిమిది నిండి బయటికి వచ్చాక ఇల్లు అద్దెకి కావాలంటే, "ఈ అమ్మాయి మాకు తెలుసు" అని ఇంటివారికి చెప్పండి. ఆ నాలుగు ముక్కలూ ఆ పిల్లకి మూడు నెలల అద్దెకంటె విలువైనవి.

ఒకటి చేయలేనప్పుడు మొదలుపెట్టకపోవడమే మంచిది. ఇలాంటి పిల్లలకి వచ్చి వెళ్ళిపోయేవాళ్ళు కొత్త కాదు. నాలుగు వారాలు "అమ్మా, తల్లీ" అని, ఐదో వారం మానేస్తే, ఇక ఎవరినీ నమ్మకూడదనే పాఠం మనమే నేర్పినవాళ్ళమవుతాం.

ఇరవై రెండేళ్ళ పిల్ల ఉద్యోగం పోతేనో, జ్వరం వస్తేనో నాలుగు రోజులు తిరిగి వచ్చి పడుకోవడానికి పెరిగిన చోట ఒక చాప ఉండాలి. "మళ్ళీ వచ్చావా?" అని కాక "ఎప్పుడొచ్చావే?" అని అడగాలి. పుట్టిల్లంటే అదేగా! మన పిల్లలకి మనం అడగకుండానే ఇచ్చేది, ఆ పిల్లలకి ఎవరో ఒకరు తలుచుకుంటే గాని దక్కదు. ఈసారి అరిసెలు పట్టుకెళ్ళినప్పుడు, "ఈ ఏడు పద్దెనిమిది నిండేవారు ఎంతమంది ఉన్నారు? వాళ్ళు ఎక్కడికి వెళతారు?" అని ఒక్క ప్రశ్న అడిగి రండి. పదిమందీ అడిగితే జవాబు చెప్పవలసినవాళ్ళు చెప్పక తప్పదు.