పేదవాడలో పరదేశి కాపురము



ఈ దినమున నేను మీతో ముచ్చటింపదలచినది మిషనరీల మతమును గూర్చి కాదు, వారి కాపురమును గూర్చి. ఒక కుటుంబము తన దేశమును, బంధువర్గమును విడిచి, తనకు రాని భాష మాటలాడు పేదజనుల నడుమ, ఒక చిన్న పట్టణపు అంచున ఇల్లు పెట్టుకొని బ్రతుకవలెనన్నచో ఎట్టి కష్టములు వచ్చును? అందు సంతోషమేమైన గలదా? నల్లగొండ, పాలమూరు సీమలలో ఇట్టి కాపురములు అనేకము సాగినవి. కావున దృష్టాంతములకొరకు మనము దూరము పోనక్కరలేదు.

నేను ఆ సంఘమునకు చెందినవాడను కాను. పాలమూరు సీమలోని ఒక చిన్న పట్టణమున, మిషను బంగళాకు ఎదుటనున్న పేదవాడలో పెరిగినవాడను. 1950వ సంవత్సర ప్రాంతమున బాలుడనై కన్నులార చూచినవి కొన్ని, పెద్దవాడనైన పిమ్మట చదివి తెలిసికొన్నవి కొన్ని మీకు విన్నవించెదను.

ముందుగా కొంచెము పూర్వకథ. 1890వ సంవత్సర ప్రాంతమున అబ్రహాము ఫ్రీసెను, ఆయన భార్య మరియా అనువారు నల్లగొండలో కాపురము పెట్టిరి. వారు అమెరికను బాప్టిస్టు మిషను పక్షమున వచ్చినవారేగాని అమెరికావారు కారు. ఆనాటి దక్షిణ రష్యాలో జర్మను భాష మాటలాడుచు సేద్యము చేసికొను మెనొనైటు కుటుంబములవారు. మెనొనైటులనగా ఆయుధము పట్టరాదను నియమము గల క్రైస్తవులు. 1899లో అమెరికానుండి ఎన్. ఎన్. హీబర్టు దంపతులు హైదరాబాదు రాజ్యమునకు వచ్చిరి. ఆరోగ్యము చెడుటచే 1901లోనే వారు తిరిగి పోవలసివచ్చెను. 1902లో పాంక్రాట్సు దంపతులు వచ్చి ఆ పనిని నిలువబెట్టిరి. అటుపిమ్మట నాగరుకర్నూలు, దేవరకొండ, వనపర్తి, కల్వకుర్తి మొదలగు చోట్ల వీరి బంగళాలు లేచినవి. మహబూబ్‌నగరమున అమెరికను బాప్టిస్టులు అంతకు పూర్వమే యుండిరి. 1937లో ఆ స్థానమును వారు మెనొనైటు బ్రెదరెను వారికి అప్పగించిరి.

ఇట్లు వచ్చిన కుటుంబములకు మొదటి కష్టము నీరు. మన సీమ మెట్టసీమ. వానలు తక్కువ, బావులు లోతు. దిగుడుబావులలో దిగి నీరు ముంచుకొను కాలమున నారికురుపు మన జనులను ఎంత బాధించినదో పెద్దలైన మీకు చెప్పవలెనా? పుండు గలవాడు నీటిలో కాలు పెట్టగా పురుగుపిల్లలు నీటిలోనికి వదలును. కంటికి ఆనని చిన్న నీటిపురుగులు వానిని మ్రింగును. ఆ నీరు త్రాగినవానికి ఏడాది తిరుగునప్పటికి కాలిలోనుండి నారవంటి పురుగు బయలుదేరును. దట్టపు గుడ్డతో నీరు వడగట్టినంత మాత్రమున ఈ రోగము రాదు. బంగళా వంటయింట నీరు వడగట్టి మరగించుట ఒక నిత్యవ్రతమువలె జరుగుచుండెను. అచ్చట పనిచేసిన మా వాడ స్త్రీలు ఆ అలవాటును తమ యిండ్లకు తెచ్చిరి. భారతదేశమున ఈ వ్యాధి చివరిసారి కనబడినది 1996లో. అయితే నల్లగొండ నీటిలోని ఫ్లోరైడు మరగించినను పోవునది కాదు. ఆ విషయమున బంగళా కుండకును వాడ కుండకును భేదము లేదు.

రెండవ కష్టము భాష. కచేరీలో ఉర్దూ, వాడలో తెలుగు. తండ్రి మున్షీయొద్ద కూర్చుండి నెలల తరబడి అక్షరములు దిద్దుచుండగా, బిడ్డలు ఆటలలోనే మన పలుకుబడిని పట్టివేయుదురు. మా ఎదుటి బంగళా దొరగారు ప్రసంగమున ఒక మాట తప్పుగా పలుకగా ఆయన కొడుకే ముందుగా నవ్వెడివాడు. ఆ నవ్వుతో మా అందరి బెరుకు పోయెడిది.

మూడవ కష్టము సొమ్ము. వీరి జీతము సముద్రములకావల నున్న సంఘముల చందాలమీద ఆధారపడినది. 1914లో మొదటి మహాయుద్ధము, 1917లో రష్యా విప్లవము సంభవించినప్పుడు రష్యానుండి నల్లగొండ ప్రాంతమునకు వచ్చుచుండిన సహాయము నిలిచిపోయెను. ఇచ్చట పనిచేయుచున్న వారికి డబ్బు రాకుండుట ఒక యెత్తు, అచ్చటి తమవారు ఏమైరో తెలియకుండుట మరియొక యెత్తు.

నాలుగవది, అన్నిటికంటె బరువైనది, బిడ్డల యెడబాటు. 1901లో మదరాసు రాజధానిలోని కొడైకెనాలు కొండమీద మిషనరీల బిడ్డలకొరకు ఒక పాఠశాల వెలసెను. మన సీమలోని దొరల బిడ్డలనేకులు చిన్ననాటనే ఆ వసతిగృహమునకు పోవలసినవారు. రైలులో మరునాటి ప్రయాణము, ఆపైన కొండ యెక్కుట. తల్లి మరల బిడ్డను చూచునది నెలలకుగాని కాదు. మా ఎదుటి బంగళాలో దొరసానమ్మ ఇనుపపెట్టెలో గుడ్డలు సర్దుచు, ప్రతి చొక్కాపై బిడ్డ పేరు దారముతో కుట్టుట నేను కిటికీగుండ చూచితిని. బండి కదలిపోయిన పిమ్మట ఆమె పనివారితో ఎప్పటివలెనే మాటలాడెను. కాని ఆ రాత్రి భోజనపుబల్లమీద ఇద్దరు బిడ్డల పళ్లెములను మరచి పెట్టి, మరల తానే తీసివేసినదట. వంటమనిషి ఈ మాట మా అమ్మతో చెప్పి కన్నీరు పెట్టుకొనెను.

వీరందరు బిడ్డలు గలవారు కారు. కాథరీనా షెల్లెన్‌బర్గు అను వైద్యురాలు 1907లో ఒంటరిగా వచ్చి, షంషాబాదు మొదలగు చోట్ల రోగులకు మందిచ్చుచు, 1945లో మరణించువరకు ఈ సీమలోనే గడపెను. ఆమెకు కాపురమనగా వైద్యశాలయే.

ఇక సంతోషమెక్కడ నున్నదని మీరడుగవచ్చును. నేను చూచిన ఒక వేసవి సంగతి చెప్పెదను. ఆ యేడు వానలు తప్పినవి. మా వాడ చెలిమె ఎండినది. ఊరి మంచినీళ్ల బావికి మాలమాదిగలను రానీయని కాలమది. బంగళా బావిలో మాత్రము కొంచెము నీరుండెను. ప్రహరీ లోపల దొరసానమ్మ ప్రేమతో పెంచిన గులాబితోట యున్నది. నీరు తోటకా, వాడకా? మూడు దినములు గేటు మూసియే యుండెను. వాడవారు కోపగించి గొణుగుకొనిరి. నాలుగవనాడు తెల్లవారకముందే గేటు తెరచియుండెను, తోటకు నీరు మానివేసిరి. నెల తిరుగకముందే గులాబులు కట్టెలైనవి.

అంతటితో కథ ముగియలేదు. ఆ వర్షాకాలమున వారి చిన్నబిడ్డకు తీవ్రమైన జ్వరము తగిలెను. దొరగారు పల్లెలలో నున్నారు, వాగు పొంగినది. మా వాడ మంత్రసాని అవ్వ పిలువకయే పోయి, గడప దాటి లోనికి నడచి, “బిడ్డా, నువ్వు జర పండుకో, పిల్లను నేను జూస్త” అనెను. రెండు రాత్రులు ఆమె ఆ బిడ్డ నొసట తడిగుడ్డ వేయుచు కూర్చుండెను. ఇంటినుండి తెచ్చిన జొన్నరొట్టె దొరసానమ్మచే తినిపించెను. బిడ్డ కోలుకొనెను. ఆ దినమునుండి మావాళ్లు ఆమెను దొరసానమ్మ యనుట మాని, అక్కా యని పిలువసాగిరి. నీరిచ్చినందున వచ్చిన వరుస కాదది. రొట్టె పుచ్చుకొన్నందున వచ్చినది.

పెద్దలారా! ఇచ్చుట సుళువు, పుచ్చుకొనుట కష్టము. ఇచ్చువాని చేయి ఎల్లప్పుడు పైననే యుండును, అందువలన వానికి వాడ తెలియదు. పుచ్చుకొన్ననాడు వాడు మనవాడగును. ఏండ్ల తరబడి ప్రహరీ లోపల నుండి మందులు, పుస్తకములు పంచినవారును ఉండవచ్చును. వారి మేలును మనము మరువరాదు. కాని వాడకు బంధువులైనది ఒకరి ముద్ద ఒకరు తిన్న కుటుంబములే.

ఇందొక న్యాయము కూడ చెప్పవలెను. మిషను కుటుంబమనగానే మనము తెల్లవారినే తలచెదము. వారితోకూడ పనిచేసిన తెలుగు ఉపదేశకులు, బడిపంతుళ్లు, బైబిలు స్త్రీలు వాడలోనే, మట్టిగోడల నడుమనే కాపురము చేసిరి. వారికి కొడైకెనాలు లేదు, ఓడ యెక్కి పోయి విశ్రమించు సెలవు లేదు, ప్రహరీ లేదు. జీతము స్వల్పము. ఊరివారి యెత్తిపొడుపులు మొదట తగిలినది వారికే. బంగళా బిడ్డ జ్వరమును ఉత్తరములలో వ్రాసిరి. పంతులుగారి బిడ్డ జ్వరమును వ్రాసినవారు అరుదు. ఆ దొరల కాలము గడచిన పిమ్మట సంఘములను, బడులను, జడ్చర్ల వైద్యశాలవంటి సంస్థలను మోసినది ఇట్టి తెలుగు కుటుంబములవారే.

బంగళా బిడ్డలలోను వాడను మరువనివారు గలరు. 1932లో షంషాబాదున పుట్టి, కొడైకెనాలులో చదివిన పాల్ హీబర్టు అను నతడు అమెరికాలో మానవశాస్త్ర పండితుడయ్యెను. అతడు మన పాలమూరు జిల్లాలోని కొండూరు అను గ్రామపు కులములను, పంచాయతీలను, ఇరుగుపొరుగు వ్యవహారములను పరిశీలించి 1971లో ఒక గ్రంథము ప్రకటించెను. 2007లో మరణించెను. బోధించుటకు వచ్చిన ఇంట పుట్టినవాడు మన గ్రామమునొద్ద విద్యార్థియై కూర్చుండుట నాకు మిక్కిలి ముచ్చటగా దోచును.

ఇప్పుడు ఆ రెండు జిల్లాలును 2016 మొదలుకొని అనేక జిల్లాలుగా విడిపోయినవి. పరదేశి దొరలు లేరు. కాని పరాయివారు మన ఊళ్లకు వచ్చుట ఆగలేదు. దూరపు జిల్లానుండి బదిలీయై వచ్చిన ఉపాధ్యాయిని, ఆరోగ్యకేంద్రములో చేరిన నర్సు, పసిబిడ్డతో వచ్చిన గ్రామ కార్యదర్శి, వీరును మన నడుమ కాపురము పెట్టుచున్నారు. వారు చేయు పనిని మాత్రమే మనము లెక్కించుచున్నాము. వారింట పొయ్యి వెలిగినదా, బిడ్డకు జ్వరము తగ్గినదా యని అడుగువారు తక్కువ.

మీ ఊరికి అట్టి కుటుంబము వచ్చినచో, మొదటి వారములోనే ఒక పెద్దమనిషి వారి గడప త్రొక్కి క్షేమమడుగుడు. వారికేదైన పంపుడు, వారిచ్చినది పుచ్చుకొనుడు. మా మంత్రసాని అవ్వకు అక్షరము రాదు. ఆమె చేసినది అంతయే.

సెలవు.