అటెన్‌బరో: ఇంగ్లండ్‌లో ఒక పల్లె పేరు ఇంటిపేరై నడిచిన దారి

అటెన్‌బరో అనే పేరు భారతీయులకు కొత్త కాదు. 1982లో విడుదలై 8 ఆస్కార్ పురస్కారాలు గెలుచుకున్న 'గాంధీ' చిత్ర దర్శకుడు సర్ రిచర్డ్ అటెన్‌బరో. ఆయనకు భారత ప్రభుత్వం 1983లో పద్మభూషణ్ ప్రకటించింది. ఆయన తమ్ముడు, ప్రకృతి చిత్రాల ద్వారా ప్రపంచ ప్రఖ్యాతి పొందిన సర్ డేవిడ్ అటెన్‌బరోకు 2019 సంవత్సరపు ఇందిరాగాంధీ శాంతి బహుమతి లభించింది. ఇద్దరు సోదరుల ఖ్యాతి వల్ల ఈ పేరు ఇంగ్లండ్‌లో విరివిగా వినిపించేదని అనిపించవచ్చు. కానీ అక్కడ ఇది అరుదైన ఇంటిపేరు. స్మిత్, జోన్స్ వంటి పేర్లు గలవారు లక్షల్లో ఉండగా, ఈ పేరు గలవారు చాలా కొద్దిమందే. ఆ అరుదుతనమే శాస్త్రజ్ఞుల దృష్టిని ఆకర్షించింది. ఒక ఇంటిపేరు గలవారంతా నిజంగా ఒకే మూలపురుషుని సంతానమా అన్న పాత ప్రశ్నకు సమాధానం వెతకడానికి ఇలాంటి పేర్లే పనికివచ్చాయి.

ఇంగ్లండ్ నడిబొడ్డున, నాటింగ్‌హామ్‌షైర్‌లో, ట్రెంట్ నది ఒడ్డున అటెన్‌బరో అనే ఊరుంది. బీస్టన్, లాంగ్ ఈటన్ పట్టణాలకు మధ్యన ఉన్న ఈ చిన్న ఊరిలో మధ్యయుగాల నాటి సెయింట్ మేరీ చర్చి ఇప్పటికీ నిలిచి ఉంది. పదిహేడో శతాబ్దపు అంతర్యుద్ధంలో పార్లమెంటు పక్షాన పోరాడిన సేనాని, ఆలివర్ క్రామ్‌వెల్ అల్లుడు హెన్రీ ఐర్టన్ 1611లో పుట్టింది ఇక్కడే. ఊరి పేరులోని చివరి భాగం 'బర్' అనే ప్రాచీన ఆంగ్ల పదం నుంచి వచ్చింది; దానికి కోట, రక్షణ గోడ గల నివాసం అని అర్థం. మొదటి భాగం ఒక మనిషి పేరని స్థలనామ పండితులు చెబుతారు. అంటే ఎవరో ఒకరి కోట ఊరైంది, ఆ ఊరు ఒక ఇంటిపేరైంది.

తెలుగువారికి ఈ పద్ధతి వివరించనక్కరలేదు. కందుకూరు నుంచి కందుకూరి, నందమూరు నుంచి నందమూరి వచ్చినట్లే ఇంగ్లండ్‌లోనూ వేల ఇంటిపేర్లు ఊళ్ల నుంచి వచ్చాయి. అయితే ఇందులో ఒక మెలిక ఉంది. ఊరిలో ఉన్నంతకాలం ఎవరినీ ఆ ఊరి పేరుతో పిలవరు. అందరిదీ అదే ఊరు కనుక ఆ పిలుపుతో ప్రయోజనం లేదు. ఊరు విడిచి పొరుగూరు చేరినప్పుడే 'ఫలానా ఊరి మనిషి' అనే గుర్తింపు అవసరమవుతుంది. అందుకే ఊరి పేరు ఇంటిపేరుగా గల కుటుంబాలు ఆ ఊరిలో కాక, దాని చుట్టుపక్కల ఎక్కువగా కనిపిస్తాయి. అటెన్‌బరోల విషయమూ అంతే. నాటింగ్‌హామ్‌షైర్, దాని పక్కనున్న డార్బీషైర్ వారి పాత నెలవులు. రిచర్డ్, డేవిడ్‌ల తండ్రి ఫ్రెడరిక్ అటెన్‌బరో పుట్టిన స్టేపుల్‌ఫర్డ్ కూడా అటెన్‌బరో గ్రామానికి దగ్గరలోనే ఉంది. వందల ఏళ్లు గడిచినా ఆ కుటుంబం పేరు పుట్టిన చోటు నుంచి ఎంతో దూరం పోలేదన్నమాట.

పన్నులతో పాటు పేర్లు

ఇంగ్లండ్‌లో వంశపారంపర్య ఇంటిపేర్లు 1066 నాటి నార్మన్ దండయాత్ర తర్వాతనే మొదలయ్యాయి. భూములున్న ప్రభువులు తమ జాగీర్ల పేర్లను ముందుగా ధరించారు. ఆస్తి కొడుకుకు దక్కాలంటే పేరూ దక్కడం అనుకూలం. ఆ అలవాటు క్రమంగా రైతులకు, చేతివృత్తులవారికి పాకింది. సుమారు 1400 నాటికి ఇంగ్లండ్‌లో అత్యధికులకు స్థిరమైన ఇంటిపేరు ఏర్పడింది. అంతకుముందు ఒకే మనిషి ఒక పత్రంలో తండ్రి పేరుతో, మరొక పత్రంలో వృత్తి పేరుతో కనిపించేవాడు. 1377, 1379, 1381 సంవత్సరాలలో విధించిన తలపన్నుల జాబితాలు నేటి పరిశోధకులకు అమూల్యమైన ఆధారాలు. ఆ పన్నులు 1381లో పెద్ద రైతాంగ తిరుగుబాటుకు దారితీశాయి. ప్రజలను అంతగా మండించిన ఆ జాబితాలే ఇప్పుడు వారి పేర్లను కాపాడుతున్నాయి.

ఆ తర్వాతి ఆధారాలు చర్చి రిజిస్టర్లు. నామకరణాలు, వివాహాలు, ఖననాలు నమోదు చేయాలని 1538లో ఆదేశాలు వెలువడ్డాయి. 1837 జూలైలో ప్రభుత్వమే జనన మరణాల నమోదు చేపట్టింది. రాసేవాడి చెవికి ఎలా వినిపిస్తే అలా రాసిన కాలమది కనుక, అటెన్‌బరో పేరు కూడా అటెన్‌బారో, అటెన్‌బరా వంటి ఉచ్చారణలకు తగ్గ వర్ణక్రమాలతో కనిపిస్తుంది. అక్షరాలు వేరైనంత మాత్రాన వంశం వేరు కానక్కరలేదు.

ఇంటిపేర్ల భౌగోళిక వ్యాప్తిని గీయడానికి పరిశోధకులు ఎక్కువగా ఆశ్రయించేది 1881 జనాభా లెక్కలను. రైళ్లు వచ్చినా, మోటారు కార్లు, ఇరవయ్యో శతాబ్దపు వలసలు ఇంకా రాని కాలమది. అరుదైన పేర్లను ఆ లెక్కల ఆధారంగా పటంపై పెడితే చాలా సందర్భాలలో ఒక జిల్లా చుట్టూ గుంపుగా చేరతాయి. స్మిత్ అనే పేరు మాత్రం దేశమంతా పరచుకుని ఉంటుంది. స్మిత్ అంటే కమ్మరి. ప్రతి పల్లెలోనూ కమ్మరి ఉన్నాడు, కాబట్టి ఆ ఇంటిపేరు వందల చోట్ల విడివిడిగా పుట్టింది. 45 వేలకు పైగా ఇంటిపేర్లను వివరిస్తూ 2016లో వెలువడిన ఆక్స్‌ఫర్డ్ కుటుంబనామ నిఘంటువు ఇలాంటి పాత పత్రాలనే జల్లెడ పట్టింది.

అరుదైన పేర్లు అరుదుగా ఎందుకు మిగిలాయి? ఈ ప్రశ్నను 1873లో ఫ్రాన్సిస్ గాల్టన్ గణిత సమస్యగా వేశారు. హెన్రీ వాట్సన్ అనే మతాచార్యుడు లెక్క కట్టారు. ఆయన తుది నిర్ణయంలోని లోపాన్ని తర్వాతివారు సరిదిద్దారు గానీ, మార్గం మాత్రం సరైనదే. సగటున ఒక్కొక్కరికి ఒక కొడుకు ఉండే సమాజంలో కూడా, కేవలం యాదృచ్ఛికంగా, మూడో వంతు కంటే ఎక్కువ మందికి కొడుకులే ఉండకపోవచ్చు. వారి పేరు ఆ తరంతో ఆగుతుంది. తర్వాతి తరంలో మళ్లీ కొన్ని ఆగుతాయి. ఇలా తరతరానికీ పేర్లు రాలిపోతాయి, మిగిలినవి పెరుగుతాయి. 1348లో వచ్చిన మహామారి ప్లేగు ఈ రాలుడును ఒక్కసారిగా ఉధృతం చేసింది. ఎన్నో ఇళ్ల పేర్లు స్థిరపడకముందే సమాధులకు చేరాయి.

రక్తం ఏమి చెప్పింది?

ఇంటిపేరు తండ్రి నుంచి బిడ్డలకు వస్తుంది. వై క్రోమోజోమ్ తండ్రి నుంచి కొడుకుకు మాత్రమే వస్తుంది. రెండూ దాదాపు ఒకే దారిలో నడుస్తాయి. అయితే ఒకే ఇంటిపేరు గల పురుషులలో ఒకే రకం వై క్రోమోజోమ్ ఉండాలి కదా? 2000 సంవత్సరంలో ఆక్స్‌ఫర్డ్ శాస్త్రజ్ఞుడు బ్రయాన్ సైక్స్ తన ఇంటిపేరు గల 48 మంది పురుషులను పరీక్షించగా, వారిలో దాదాపు సగం మందిది ఒకే రకమని తేలింది. ఆ తర్వాత లెస్టర్ విశ్వవిద్యాలయంలో టూరీ కింగ్, మార్క్ జాబ్లింగ్ ఈ పరిశోధనను విస్తరించారు. డీఎన్ఏ వేలిముద్రల పద్ధతిని 1984లో అలెక్ జెఫ్రీస్ కనుగొన్నదీ ఆ విశ్వవిద్యాలయంలోనే. ఫ్రెడరిక్ అటెన్‌బరో ప్రిన్సిపాల్‌గా పనిచేసిన కళాశాలే తర్వాత లెస్టర్ విశ్వవిద్యాలయంగా మారడం యాదృచ్ఛికమే అయినా ముచ్చటైన విషయం.

కింగ్, జాబ్లింగ్ 40 ఇంటిపేర్లకు చెందిన 1,678 మంది పురుషుల నమూనాలను పరిశీలించి 2009లో ఫలితాలు ప్రకటించారు. స్మిత్‌ల మధ్య బంధుత్వం దారినపోయే ఇద్దరి మధ్య ఉండేదాని కంటే ఎక్కువేమీ కాదు. అటెన్‌బరో వంటి అరుదైన పేర్లలో మాత్రం 70 శాతానికి పైగా పురుషులకు ఒకే విధమైన, లేదా దాదాపు ఒకే విధమైన వై క్రోమోజోమ్ ఉంది. అంటే ఒకరినొకరు ఎన్నడూ చూడని, పేరు తప్ప మరేమీ తెలియని అటెన్‌బరోలలో అత్యధికులు కొన్ని వందల ఏళ్ల కిందటి ఒకే పురుషుని సంతతి.

ఇక్కడ తొందరపడి ఒక నిర్ణయానికి రాకూడదు. ఆ పేరును మొదట ధరించినవాడు ఒక్కడే అని దీని అర్థం కాదు. అటెన్‌బరో నుంచి పదిమంది వేర్వేరు ఊళ్లకు వెళ్లి ఆ పేరు పొంది ఉండవచ్చు. గాల్టన్ లెక్క ప్రకారం తొమ్మిది వంశాలు రాలిపోయి ఒకటి మిగిలినా, నేటి పరీక్షలో అంతా ఒకే మూలపురుషుని వారిగానే కనిపిస్తారు.

మరి మిగిలినవారి సంగతి? ఇక్కడే కుటుంబాలు కలవరపడే ప్రశ్న ఎదురవుతుంది. పత్రాలలోని తండ్రి వేరు, కన్న తండ్రి వేరు అయిన సందర్భాలు గతంలో తరానికి నూటికి ఒకటి నుంచి నాలుగైదు వరకు మాత్రమే ఉంటాయని ఈ పరిశోధనల అంచనా. జనంలో ప్రచారంలో ఉన్న అంకెలకంటే ఇది చాలా తక్కువ. కానీ తక్కువైనా తరాల మీద కూడుతుంది. తరానికి నూటికి రెండు అనుకున్నా, 20 తరాల తర్వాత పేరుకు, రక్తానికి లంకె తెగకుండా మిగిలేది మూడింట రెండు వంతుల వంశాలకే. పైగా ఇదంతా దాంపత్య ద్రోహం కాదు. దత్తత, తల్లి ఇంటిపేరు స్వీకరించడం, మారుటి తండ్రి పేరు పెట్టుకోవడం, మామగారి ఆస్తి కోసం ఆయన పేరు ధరించడం, ఇవన్నీ అదే ఫలితాన్నిస్తాయి. 2012లో లెస్టర్‌లో ఒక కార్ల నిలుపుదల స్థలం కింద బయటపడిన మూడో రిచర్డ్ రాజు అస్థికలు కూడా ఇదే చెప్పాయి. తల్లి వైపు సంక్రమించే డీఎన్ఏ ఆయన బంధువులతో సరిపోయింది. తండ్రుల వరుసలో బంధువులైన ఐదుగురి వై క్రోమోజోమ్ మాత్రం రాజుదానితో కలవలేదు. ఆ ఐదుగురిలో ఒకరిది మిగతా నలుగురితోనూ కలవలేదు. రాజవంశపు వృక్షానికే తప్పని తడబాటు ఇది.

యార్క్‌షైర్‌లో మరింత ఆశ్చర్యకరమైన సంగతి వెలుగుచూసింది. అక్కడి ఒక అరుదైన ఇంటిపేరు గల 18 మందిని పరీక్షించగా ఏడుగురిలో పశ్చిమ ఆఫ్రికాకు చెందిన అతి ప్రాచీన వై క్రోమోజోమ్ కనిపించింది. వారంతా తరతరాలుగా తెల్లజాతి ఆంగ్లేయులుగానే జీవిస్తున్నవారు. పత్రాలు వెతికితే వారి వంశవృక్షాలు పద్దెనిమిదో శతాబ్దం చివరి యార్క్‌షైర్ వరకు చేరి ఆగాయి. ఆ ఆఫ్రికన్ పూర్వీకుడు బానిస వ్యాపార కాలంలో వచ్చాడా, ఇంకా ముందే వచ్చాడా అన్నది పత్రాలకు అందలేదు. రోమన్ల కాలంలోనే ఉత్తర ఇంగ్లండ్‌లోని హేడ్రియన్ గోడ వద్ద ఆఫ్రికన్ సైనికులు కాపలా కాశారన్నది మాత్రం చరిత్ర. 2007లో ప్రచురితమైన ఈ పరిశోధన, ఇంగ్లండ్‌లో 'స్వదేశీ' అనే మాటను పట్టుకుని వాదించేవారికి ఇబ్బందికరమైన సాక్ష్యం.

ఇంటిపేరు, వై క్రోమోజోమ్ కలిసి చెప్పే కథలో స్త్రీలు లేరన్నది కూడా గుర్తించాలి. రిచర్డ్, డేవిడ్‌ల తల్లి మేరీ పుట్టింటి పేరు క్లెగ్. ఆమె తండ్రి శామ్యూల్ క్లెగ్ లాంగ్ ఈటన్‌లో పేరుగాంచిన ప్రధానోపాధ్యాయుడు. ఆ పేరు మనవల వద్ద కనిపించదు. పది తరాలు వెనక్కి వెళితే ప్రతి మనిషికీ వంశవృక్షంలో 1,024 స్థానాలు ఉంటాయి. ఇంటిపేరు సూచించేది వాటిలో ఒక్క స్థానాన్నే. 1939లో నాజీ జర్మనీ నుంచి తప్పించుకొచ్చిన ఇద్దరు యూదు బాలికలను మేరీ, ఫ్రెడరిక్ తమ ఇంట చేర్చుకున్నారు. యుద్ధం ముగిసేదాకా ఆ బాలికలు ఆ ఇంటి పిల్లలుగానే పెరిగారు. 'గాంధీ' చిత్రంలో మహాత్ముని పాత్ర ధరించిన బెన్ కింగ్స్‌లీ అసలు పేరు కృష్ణ భాంజీ. భవిష్యత్తులో ఎవరైనా కింగ్స్‌లీ అనే ఇంటిపేరును పటంపై వెతికితే గుజరాతీ మూలం వారికి దొరకదు.

ఈ పరిశోధనకు నేర దర్యాప్తులోనూ ఒక ఉపయోగం ఉందని లెస్టర్ శాస్త్రజ్ఞులు 2006లోనే సూచించారు. నేరస్థలంలో దొరికిన వై క్రోమోజోమ్‌ను ఇంటిపేర్ల జాబితాతో పోల్చి, అనుమానితుని ఇంటిపేరును ఊహించవచ్చు. పేరు ఎంత అరుదైతే ఊహ అంత బలంగా ఉంటుంది. స్మిత్‌ల విషయంలో ఈ పద్ధతి పనిచేయదు. అంటే దాని బరువంతా అరుదైన పేర్లవారి మీదే పడుతుంది. పేరు కలిసినంత మాత్రాన నేరం రుజువు కాదు. అది విచారణ ఎవరితో మొదలుపెట్టాలో చెప్పే సూచన మాత్రమే. కానీ ఒక జిల్లాలో కొద్ది కుటుంబాలకే ఉన్న పేరు ఆ జాబితాలో పైకి వస్తే, తామెన్నడూ చూడని దూరపు దాయాది చేసిన పనికి ఆ ఇళ్లన్నింటి తలుపులూ పోలీసులు తట్టవచ్చు. తలుపు తీసినవారిలో కొందరికి ఆ దాయాదితో రక్తసంబంధం లేదని అదే పరీక్షలో తేలవచ్చు కూడా.