ఫోన్ రిజల్యూషన్ తగ్గిస్తే బ్యాటరీ ఆదా అవుతుందా? స్క్రీన్ వెనుక జరిగే అసలు లెక్క ఇదీ..

ఫోన్ చార్జింగ్ త్వరగా అయిపోతోందా? "సెట్టింగ్స్‌లోకి వెళ్లి డిస్‌ప్లే రిజల్యూషన్ తగ్గించండి, బ్యాటరీ డబుల్ వస్తుంది" అంటూ షార్ట్ వీడియోల్లో తెగ చెబుతుంటారు. చాలామంది తగ్గించేసి ఉంటారు కూడా. కానీ ఇందులో నిజం కొంతే. రిజల్యూషన్ తగ్గించినంత మాత్రాన మీ స్క్రీన్‌లో ఒక్క పిక్సెల్ కూడా సెలవు తీసుకోదు. అన్నీ ఎప్పటిలాగే డ్యూటీలో ఉంటాయి. మరి తగ్గేదేంటి? అది తెలియాలంటే స్క్రీన్‌లోని ప్రతి చుక్కకూ సిగ్నల్ ఎలా చేరుతుందో ముందు చూడాలి.

పంక్తి భోజనంలా వడ్డన

ఇప్పుడు మార్కెట్‌లో ఉన్న చాలా ఫోన్లలో స్క్రీన్ 1080 అడ్డం, 2400 నిలువు. అంటే మొత్తం 25.92 లక్షల పిక్సెళ్లు. ఎల్‌సీడీ అయితే ఒక్కో పిక్సెల్‌లో ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడు భాగాలుంటాయి కాబట్టి 77.76 లక్షల చుక్కలు. ఒక్కో చుక్కకూ విడిగా తీగ లాగాలంటే అయ్యే పని కాదు. అందుకే మ్యాట్రిక్స్ పద్ధతి పెట్టారు. అడ్డంగా 2400 తీగలు, నిలువుగా 3240 తీగలు. మొత్తం 5640 తీగలతో 77 లక్షల చుక్కల పని అయిపోతుంది.

ఎలాగంటే.. పెళ్లి భోజనాల్లో పంక్తిని గుర్తు తెచ్చుకోండి. అడ్డం తీగను గేట్ లైన్ అంటారు. దానికి కరెంట్ అందగానే ఆ వరుసలో ఉన్న చుక్కలన్నిటి తలుపులూ తెరుచుకుంటాయి. అదే క్షణంలో నిలువు తీగల మీదుగా ఏ చుక్కకు ఎంత వెలుగు కావాలో అంత ఓల్టేజ్ వచ్చి పడుతుంది. వీటిని సోర్స్ లైన్లు అంటారు. వడ్డన అవగానే ఆ వరుస తలుపులు మూతపడతాయి, పక్క వరుసవి తెరుచుకుంటాయి. ఒక్కో చుక్క దగ్గర తలుపులా పనిచేసే ట్రాన్సిస్టర్, వడ్డించింది కారిపోకుండా పట్టి ఉంచే చిన్న కెపాసిటర్ ఉంటాయి. మళ్లీ తన వంతు వచ్చేదాకా ఆ చుక్క అదే వెలుగు చూపిస్తూ ఉంటుంది.

ఇక వేగం సంగతి వింటే ఆశ్చర్యపోతారు. 60 హెర్ట్జ్ స్క్రీన్ సెకనుకు 60 సార్లు మొదటి వరుస నుంచి చివరి వరుస దాకా వడ్డిస్తుంది. అంటే ఒక్కో వరుసకు దొరికేది సుమారు 7 మైక్రోసెకన్లు. 120 హెర్ట్జ్ అయితే మూడున్నరే. సెకనులో పది లక్షల వంతును మైక్రోసెకన్ అంటాం. ఆ కాస్త టైమ్‌లోనే కెపాసిటర్ నిండాలి. ఈ టైమ్ లెక్కను గుర్తుపెట్టుకోండి, టీవీ కొనేటప్పుడు పనికొస్తుంది. ఆ విషయానికి కింద వస్తాం.

పాత నోకియా 3310 గుర్తుందా? దాని స్క్రీన్ 84 అడ్డం, 48 నిలువు. చుక్కకో ట్రాన్సిస్టర్ లేని ప్యాసివ్ మ్యాట్రిక్స్ రోజులవి. వరుసలు పెరిగేకొద్దీ ఒక్కో వరుసకు దొరికే టైమ్ తగ్గి, బొమ్మ వెలిసిపోయినట్టు కనిపించేది. ఎన్ని వరుసలకు కాంట్రాస్ట్ ఎంత పడిపోతుందో 1974లోనే ఐబీఎంకు చెందిన ఆల్ట్, ప్లెష్కో లెక్కగట్టి చెప్పారు. ఒక్కో వరుసను కాకుండా ఒకేసారి కొన్ని వరుసలను ఎంచుకునే అడ్రసింగ్ పద్ధతులపై బెంగళూరులోని రామన్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్‌లో టి.ఎన్.రుక్మాంగదన్ 1980లలోనే పనిచేశారు. స్క్రీన్ టెక్నాలజీ అనగానే కొరియా, జపాన్ పేర్లే వినిపిస్తాయి గానీ ఈ కథలో మన పక్క ఊరి వాటా కూడా ఉంది.

సెట్టింగ్ మారిస్తే జరిగేది ఇదీ

2017లో వచ్చిన గెలాక్సీ ఎస్8 స్క్రీన్‌లో నిజంగా ఉన్నది 2960 బై 1440 పిక్సెళ్లు. కానీ బాక్స్‌లోంచి తీసేసరికి సెట్టింగ్ 2220 బై 1080 మీద ఉండేది. కొన్నవాళ్లలో చాలామందికి ఆ సంగతే తెలీదు. అలా ఉంటే మిగతా పిక్సెళ్లు ఆరిపోతాయా అంటే, లేదు. గేట్ లైన్లన్నీ వరుసగా తెరుచుకోవాల్సిందే. ప్రాసెసర్ మాత్రం బొమ్మను చిన్న సైజులో గీస్తుంది. ప్రాసెసర్‌లోని డిస్‌ప్లే విభాగం గానీ, స్క్రీన్ డ్రైవర్ చిప్ గానీ దాన్ని సాగదీసి పూర్తి ప్యానెల్‌కు సరిపెడుతుంది. 1440 నుంచి 1080కి దిగితే గీయాల్సిన పిక్సెళ్లు 44 శాతం తగ్గుతాయి. ఆ మేరకు గ్రాఫిక్స్ చిప్‌కు పని తగ్గుతుంది.

అందుకే భారీ గేమ్స్ ఆడేవాళ్లకు తేడా తెలుస్తుంది. ఫోన్ కాస్త తక్కువ వేడెక్కుతుంది. వీడియోలు, న్యూస్ చూసేవాళ్లకైతే పెద్దగా కలిసొచ్చేదేమీ ఉండదు. వాళ్ల బ్యాటరీని తినేది ప్రధానంగా బ్రైట్‌నెస్. నన్నడిగితే రిజల్యూషన్ జోలికి పోకుండా బ్రైట్‌నెస్ బార్‌ను కాస్త వెనక్కి జరపడమే నయం.

ఇంకో చిక్కుంది. 1440ని 720కి దించితే ఒక చుక్క స్థానంలో అడ్డం రెండు, నిలువు రెండు.. నాలుగు చుక్కలు కలిసి పనిచేస్తే సరిపోతుంది. లెక్క చక్కగా కుదురుతుంది. 1080కి దించితే మాత్రం మూడు చుక్కల బొమ్మను నాలుగు చుక్కలపై పరచాలి. సమానంగా పంచడం కుదరదు కాబట్టి పక్క చుక్కల రంగులు కలిపి అంచనాగా నింపుతారు. సన్నటి అక్షరాల అంచులు మెత్తబడతాయి. తెలుగు గుణింతాలు, ఒత్తులు చిన్న సైజులో చదివేవాళ్లకు ఇది తెలిసే అవకాశం ఉంది. డబ్బా మానిటర్ల కాలంలో ఈ గొడవ ఇంత ఉండేది కాదు. ఎలక్ట్రాన్ కిరణం ఎన్ని గీతలు గీయమంటే అన్ని గీసేది. మ్యాట్రిక్స్ స్క్రీన్‌లో తీగలు ఫ్యాక్టరీలో వేసినవి వేసినట్టే ఉంటాయి.

డేటా పొదుపు కావాలంటే ఇది చూడండి

ఫోన్ నిలువుగా పట్టుకుని మామూలు వెడల్పు వీడియో చూస్తున్నారా? అప్పుడు వీడియోకు దక్కే చోటు 1080 అడ్డం, సుమారు 607 నిలువు మాత్రమే. 720పి వీడియోలోనే 1280 అడ్డం, 720 నిలువు చుక్కలుంటాయి. అంటే మీ స్క్రీన్ చూపించగలిగే దానికంటే అదే ఎక్కువ. 1080పి పెట్టుకుంటే డేటా ఖర్చవుతుంది తప్ప కంటికి అదనంగా వచ్చేది దాదాపు ఏమీ లేదు. ఫోన్ అడ్డంగా తిప్పి ఫుల్ స్క్రీన్‌లో చూసేటప్పుడు 1080పి పెట్టుకోండి, అప్పుడు దానికి అర్థం ఉంటుంది.

టీవీ షాపులో '120 హెర్ట్జ్' అన్నారా?

పైన చెప్పిన టైమ్ లెక్క ఇక్కడ పనికొస్తుంది. 4కే టీవీలో 2160 వరుసలుంటాయి. 60 హెర్ట్జ్ ప్యానెల్‌లో ఒక్కో వరుసకు సుమారు 7.7 మైక్రోసెకన్లు. అదే ప్యానెల్‌ను 120 హెర్ట్జ్‌తో నడపాలంటే టైమ్ సగమైపోతుంది, చుక్కలు సరిగ్గా నిండవు. దీనికో ఉపాయం కనిపెట్టారు. గేట్ లైన్లను రెండేసి చొప్పున ఒకేసారి తెరిచి, రెండు వరుసలకూ ఒకటే సిగ్నల్ వడ్డిస్తారు. అప్పుడు వడ్డించాల్సిన పంక్తులు 1080. ఒక్కోదానికి టైమ్ మళ్లీ అదే 7.7 మైక్రోసెకన్లు. దీన్నే డ్యూయల్ లైన్ గేట్, పొట్టిగా డీఎల్‌జీ అంటారు.

ఇక్కడ రిజల్యూషన్ నిజంగానే ప్యానెల్ స్థాయిలో మారుతుంది. కదలిక నునుపుగా ఉంటుంది గానీ నిలువు వివరం సగానికి పడిపోతుంది. 3840 బై 2160 కాస్తా 3840 బై 1080 అవుతుంది. ఇది మోసం అనలేం, గేమ్ ఆడేవాళ్లకు పనికొచ్చే సదుపాయమే. కాకపోతే డబ్బా మీద '4కే' అని, పక్కనే '120 హెర్ట్జ్' అని రాసి, రెండూ ఒకేసారి రావని చెప్పకపోతేనే ఇబ్బంది. 2024లో ఎల్‌జీ తెచ్చిన 32 అంగుళాల ఓఎల్ఈడీ గేమింగ్ మానిటర్‌లోనూ రెండు మోడ్‌లు ఉన్నాయి. 4కేలో 240 హెర్ట్జ్, ఫుల్ హెచ్‌డీలో 480 హెర్ట్జ్. అక్కడ ఆ సంగతి పేరులోనే 'డ్యూయల్ మోడ్' అని చెప్పేశారు. మీరు టీవీ కొనేటప్పుడు "4కే రిజల్యూషన్‌లోనే 120 హెర్ట్జ్ వస్తుందా, డీఎల్‌జీతో వస్తుందా?" అని సూటిగా అడగండి.

స్క్రీన్‌పై గీత పడితే..

నిలువుగా ఆకుపచ్చ గీతో, గులాబీ గీతో పడి దిగాలుపడేవాళ్లు చాలామందే ఉన్నారు. గీత నిలువుగా ఉంటే అనుమానం సోర్స్ లైన్ మీదకో, దాన్ని డ్రైవర్ చిప్‌తో కలిపే అతుకు మీదకో వెళ్తుంది. అడ్డంగా ఉంటే గేట్ లైన్ వైపు. ఒకసారి స్క్రీన్‌షాట్ తీసి వేరే ఫోన్‌కు పంపి చూడండి. అందులో గీత లేకపోతే బొమ్మ బాగానే తయారవుతోంది, చెడింది ప్యానెలే అని అర్థం. అలాంటప్పుడు రిజల్యూషన్ మార్చినా, ఫోన్ మొత్తం రీసెట్ కొట్టినా గీత పోదు. సర్వీస్ సెంటర్‌లో రీసెట్ చేద్దామంటే, ముందు ఆ స్క్రీన్‌షాట్ చూపించండి. మీ ఫొటోలు, చాట్‌లు అనవసరంగా పోకుండా ఉంటాయి.