ఆరు సిలిండర్ల సంసారి!

ఇంటిల్లిపాదీ ఎక్కాలి. సామానంతా పట్టాలి. అయినా స్టీరింగ్ పట్టుకున్నవాళ్లకి కారు నడిపిన తృప్తి మిగలాలి. ఈ మూడూ ఒక్క కారులో ఎక్కడ కుదురుతాయండీ అంటారు చాలామంది. యూరప్ రోడ్ల మీద నలభై ఏళ్లకు పైగా తిరుగుతున్న ఆరు సిలిండర్ల ఎస్టేట్ కారు (పైకప్పు డిక్కీ మీదుగా వెనకదాకా సాగే కారు) మాత్రం భేషుగ్గా కుదురుతాయని నిరూపిస్తూనే ఉంది. ఎస్‌యూవీల జోరులో పక్కకి జరిగిపోయిన ఆ కారు సంగతులే ఈ వారం...

1984. మ్యూనిక్‌లో బీఎండబ్ల్యూ నమూనా కార్ల విభాగంలో పనిచేసే మాక్స్ రైస్‌బోక్‌కి ఓ చిక్కు వచ్చిపడింది. భార్యాపిల్లలతో సెలవులకు బయల్దేరదామంటే 3 సిరీస్ డిక్కీలో సామాను పట్టదు. పోనీ ఎస్టేట్ కొందామా అంటే, తాను పనిచేసే కంపెనీ అసలు అలాంటి కారే చేయదు. దాంతో వెనకభాగం దెబ్బతిన్న ఓ 323ఐని చవగ్గా కొన్నాడు. ఓ స్నేహితుడి గ్యారేజీలో పెట్టి, పైకప్పును వెనక్కి పొడిగించి, ఆర్నెల్లలో దాన్ని ఎస్టేట్‌గా మార్చేశాడు. ఆ కారు పెద్దల కంట పడింది, మనసుకు పట్టింది. 1987 ఫ్రాంక్‌ఫర్ట్ మోటార్ షోలో అదే 325ఐ టూరింగ్‌గా జనం ముందుకొచ్చింది. ఆ తరం టూరింగ్‌లు లక్షకు పైగా తయారయ్యాయి.

ఈ కారు ఇంటి అవసరంలోంచి పుట్టిందనడానికి గుర్తు దాని ఒంటి మీదే ఉంది. వెనక లైట్లు సెడాన్‌లో ఉన్నచోటే ఉండిపోయాయి. డిక్కీ తలుపు ఆ రెండింటి మధ్య నుంచే బంపర్ దాకా దిగాలి. అందుకే అది పైన వెడల్పుగా, కింద ఇరుకుగా ఉంటుంది. పెద్ద పెట్టె ఎక్కించాలంటే కాస్త పైకెత్తి లోపలికి తోయాల్సిందే. సామాను మోసే బండిగా చూస్తే అది లోపమే. అయినా జనం దాన్ని ఇష్టపడి కొన్నారు. ముందున్న 2.5 లీటర్ల ఇంజిన్‌లో వరసగా నిలబడ్డ ఆరు సిలిండర్లది ఆ మహిమ.

వణకని ఇంజిన్

ఆరు సిలిండర్లంటే బలం ఎక్కువ అనుకుంటాం. బలం కావాలంటే ఈ రోజుల్లో నాలుగు సిలిండర్ల ఇంజిన్‌కి టర్బో తగిలించినా వస్తుంది. వరసలో ఆరు సిలిండర్లకున్న అసలు గొప్పదనం వాటి నెమ్మది.

పిస్టన్ పైకీ కిందికీ ఆడినప్పుడల్లా ఇంజిన్‌ను కుదుపుతుంది. నాలుగు సిలిండర్ల ఇంజిన్‌లో రెండు పైకెళ్తుంటే రెండు కిందికొస్తాయి, చూడ్డానికి లెక్క సరిపోయినట్టే ఉంటుంది. కానీ కనెక్టింగ్ రాడ్ వాలు వల్ల పిస్టన్ పైసగంలో కదిలే వేగం కిందిసగంలో ఉండదు. ఆ తేడా క్రాంక్‌షాఫ్ట్ ఒక్కసారి తిరిగేలోగా రెండుసార్లు వణుకుగా బయటపడుతుంది. దాన్ని అణచడానికి విడిగా బ్యాలెన్స్ షాఫ్టులు పెట్టాలి. మూడు సిలిండర్లయితే ఈ వణుకు పోతుంది గానీ, ఇంజిన్ ఈ కొస నుంచి ఆ కొసకు ఊగుతుంది. అలాంటి మూడింటికి అచ్చు అద్దంలో ప్రతిబింబంలా మరో మూడింటిని వెనక చేర్చారనుకోండి. ఒకటీ ఆరూ, రెండూ అయిదూ, మూడూ నాలుగూ జంటలుగా కదులుతాయి. కావడికి రెండువైపులా సమానంగా బరువు వేసినట్టు ఊగు ఊగుకి చెల్లు. బ్యాలెన్స్ షాఫ్టు అక్కర్లేకుండానే ఇంజిన్ నిశ్చింతగా తిరుగుతుంది.

ఇంధనం మండే వరస కూడా ఈ నెమ్మదికి తోడు. 1-5-3-6-2-4... క్రాంక్‌షాఫ్ట్ ప్రతి 120 డిగ్రీలు తిరిగేసరికి ఒక సిలిండర్ మండుతుంది. ఒకటి తోయడం ముగించేలోపే రెండోది అందుకుంటుంది కాబట్టి చక్రాలకు వెళ్లే బలంలో తెంపు ఉండదు. ఆ అంకెల్ని మరోసారి చూడండి. ముందు మూడింట్లో ఒకటి, వెనక మూడింట్లో ఒకటి... వంతులవారీగా మండుతున్నాయి. ఈ సంగతే టర్బోకు కలిసొచ్చింది. ముందు మూడు సిలిండర్ల పొగ ఒక దారిలో, వెనక మూడింటి పొగ ఇంకో దారిలో పంపితే, ఒకదాని ఒత్తిడి మరొకదాన్ని అడ్డుకోకుండా టర్బో చక్రాన్ని సమంగా తిప్పుతుంది. 2015లో వచ్చిన బీఎండబ్ల్యూ బీ58 ఇంజిన్ చేసేది ఇదే. అందులో 2,998 సీసీ సామర్థ్యం, ఒక్కటే టర్బో. దాన్ని పెట్టిన ఎం340ఐ టూరింగ్‌కి 374 హార్స్‌పవర్, 500 న్యూటన్ మీటర్ల టార్క్. ఆ టార్క్ మొత్తం 2,000 ఆర్‌పీఎం లోపే అంది, 5,000 దాకా తగ్గకుండా నిలబడుతుంది.

వెళ్లి, తిరిగొచ్చింది

ఇంత మంచి ఇంజిన్‌ను మరి చాలామంది ఎందుకు వదిలేశారు? పొడవు వల్ల. ఆరు సిలిండర్లు ఒకే వరసలో నిలబెడితే బానెట్ పొడుగ్గా ఉండాలి. ముందు చక్రాలను తిప్పే కార్లలో ఇంజిన్‌ను అడ్డంగా పెడతారు, అక్కడ ఇది పట్టడం కష్టం. ప్రమాదంలో నలిగి దెబ్బను మింగాల్సిన చోటునూ కొంత ఆక్రమిస్తుంది. అందుకే మూడేసి సిలిండర్లను రెండు వాలుల్లో పేర్చే వీ6 ఊపందుకుంది. 1977లోనే తన ఎస్టేట్‌ను చూపించి, అందులో ఆరు సిలిండర్ల 280టీఈని కూడా అమ్మిన మెర్సిడెస్ సైతం 1997లో వీ6 వైపు మళ్లింది.

ఇరవై ఏళ్లకు అదే మెర్సిడెస్ మళ్లీ పాత వరసకే వచ్చింది. 2017లో ఎస్ క్లాస్‌తో ఎం256 అనే వరస ఆరు సిలిండర్ల ఇంజిన్ తెచ్చింది. కారణం టర్బో, కాలుష్య నిబంధనలు. వీ6కి రెండు సిలిండర్ హెడ్లు, పొగ బయటికొచ్చే దారులు రెండువైపులా. వరస ఇంజిన్‌లో వేడి అంతా ఒకే పక్క. టర్బోను, దాని వెంటనే కెటలిటిక్ కన్వర్టర్‌ను అక్కడే దగ్గరగా అమర్చేయొచ్చు. కన్వర్టర్ త్వరగా వేడెక్కితే పొగ త్వరగా శుభ్రపడుతుంది. పైగా నాలుగు సిలిండర్ల ఇంజిన్‌తో చాలా భాగాలు పంచుకోవచ్చు. 1933లో వచ్చిన 303 మోడల్ కాలం నుంచి ఆరు సిలిండర్ల వరసకు అలవాటుపడ్డ బీఎండబ్ల్యూ మాత్రం, పక్కవాళ్లు వీ6 బాట పట్టినా దాన్ని వదల్లేదు.

డిక్కీ వెనక కష్టం

సెడాన్‌కి పైకప్పు పొడిగిస్తే ఎస్టేట్ అయిపోతుందనుకుంటే పొరపాటు. సెడాన్ వెనక సీటుకీ డిక్కీకీ మధ్య ఓ అడ్డు ఉంటుంది. కారు ఒళ్లు మెలితిరగకుండా పట్టి ఉంచడంలో దానికీ పాత్ర ఉంది. ఎస్టేట్‌లో అది ఉండదు. దానికి బదులు వెనక ఓ పెద్ద కంత! మలుపులో కారు మెలిపడకుండా ఆ కంత చుట్టూ ఉక్కును గట్టి చేయాలి. గాలి మొత్తం ఒకే గదిలో ఉంటుంది కాబట్టి వెనక టైర్ల రొద ముందు సీట్ల దాకా వచ్చేస్తుంది, దాన్ని ఆపాలి. ఇంకా, నిటారుగా తెగిన వెనకభాగం దగ్గర గాలి సుడి తిరుగుతూ దుమ్మును తెచ్చి అద్దానికే పూస్తుంది. ఎస్టేట్‌కి వెనక వైపర్ ఉండేది అందుకే.

సస్పెన్షన్‌కి ఇంకో పరీక్ష. ఈ రోజు డ్రైవర్ ఒక్కడే. రేపు అయిదుగురు, నాలుగు పెట్టెలు. బరువు మొత్తం వెనక పడితే ముందు టైర్లు తేలికై స్టీరింగ్ మొద్దుబారుతుంది. స్ప్రింగులు గట్టిగా వేస్తే ఖాళీ కారు ఎగిరెగిరి పడుతుంది. ఇప్పటి 3 సిరీస్‌లో డ్యాంపర్లు దీనికో ఉపాయం పన్నాయి. చిన్న కదలికకు మెత్తగా ఉండి, లోతుకు దిగేకొద్దీ బిగుసుకుంటాయి.

ఇక రోజూ ఉపయోగపడే చిన్న సౌకర్యం ఒకటుంది. 3 సిరీస్ టూరింగ్‌లో వెనక అద్దం ఒక్కటే విడిగా తెరుచుకుంటుంది. వెనక గోడకు ఆనించి కారు నిలిపినా, డిక్కీ నిండా పెట్టెలు పేర్చి ఉన్నా, పెద్ద తలుపు ఎత్తకుండా చేతిసంచీని పై నుంచి లోపల పడేయొచ్చు. మామూలుగా 500 లీటర్ల చోటు. వెనక సీట్లు మూడు ముక్కలుగా మడుస్తారు, అన్నీ మడిస్తే 1,510 లీటర్లు. కొత్త 5 సిరీస్ టూరింగ్‌లో ఈ విడి అద్దాన్ని తీసేశారు. పాత మోడళ్లు వాడినవాళ్లకి ఆ లోటు తెలుస్తుంది.

నడిపితే ఎలా ఉంటుంది?

ఆరు సిలిండర్ల ఎస్టేట్ గుణం తెలియాలంటే జర్మనీ ఆటోబాన్ మీద చూడాలి. గంటకు 130 కిలోమీటర్ల దగ్గర ఇంజిన్ ఉందో లేదో అన్నట్టుంటుంది. ముందు లారీ తప్పుకోగానే యాక్సిలరేటర్ కాస్త నొక్కితే, ఎనిమిది గేర్ల జెడ్‌ఎఫ్ గేర్‌బాక్స్ కిందికి దిగాల్సిన పనిలేకుండానే వేగం పెరుగుతుంది. కుదుపు లేదు, కేక లేదు. వెనక నిద్రపోతున్న పిల్లలు లేవరు. ఒంటరిగా వెళ్లే రోజున అదే పెడల్‌ను పూర్తిగా నొక్కితే 4,000 ఆర్‌పీఎం దాటాక గొంతు మారుతుంది. వంద అందుకోవడానికి ఎం340ఐకి నాలుగున్నర సెకన్లు చాలు. 250 దగ్గర కంప్యూటరే కళ్లెం వేస్తుంది.

ఘాట్ రోడ్డు మలుపుల్లో ఇంకో సుగుణం కనిపిస్తుంది. పొడుగాటి ఇంజిన్‌ను వీలైనంత వెనక్కి జరిపి పెట్టారు. పైకప్పు, అద్దం, తలుపు బరువు వెనక చేరింది. రెండు కొసలూ ఒకదాన్నొకటి సరిచూసుకుంటాయి. బరువు నేలకు దగ్గరగా ఉండటంతో కారు పక్కకి ఒరగడం తక్కువ.

అన్నీ మెచ్చుకోళ్లే కాదు. ఇప్పటి ఎలక్ట్రిక్ స్టీరింగ్ రోడ్డు కబుర్లను పాత కార్లు చెప్పినంత వివరంగా చెప్పదు. లోపల వినిపించే ఇంజిన్ పాటలో కొంత స్పీకర్ల చలవ. బరువూ పెరిగింది.

వంశంలో ముగ్గురు

● ఎం3 టూరింగ్: 2000లో ఒక్క నమూనా కట్టి పక్కన పెట్టారు. 2022లో గానీ అమ్మకానికి రాలేదు. వచ్చినప్పుడు రెండు టర్బోలు, 510 హార్స్‌పవర్, 1,865 కిలోలు. నూర్‌బర్గ్‌రింగ్ రేస్ ట్రాక్ చుట్టు 7 నిమిషాల 35.060 సెకన్లలో పూర్తిచేసింది. అప్పటిదాకా ఏ ఎస్టేట్ కారూ అంత వేగంగా తిరగలేదు.

● ఆల్పీనా బీ3 టూరింగ్: బుక్‌లోహ్ అనే చిన్న ఊళ్లో తీర్చిదిద్దినది. ఎం3 ఇంజిన్‌నే తీసుకుని, ఆర్భాటం తగ్గించి మెత్తగా మలిచారు. 2019లో వచ్చినప్పుడు 462 హార్స్‌పవర్, 700 న్యూటన్ మీటర్లు. గంటకు 300 కిలోమీటర్లు.

● 330డీ టూరింగ్: డీజిల్ ఆరు సిలిండర్లు. 286 హార్స్‌పవరే అయినా టార్క్ 650 న్యూటన్ మీటర్లు. ఒక్క ట్యాంకుతో దేశాలు దాటేవాళ్ల కారు.

ఎత్తుకు ఎంత చెల్లిస్తున్నాం?

ఎస్టేట్‌ను పక్కకి నెట్టింది ఎస్‌యూవీ. రెంటినీ పక్కపక్కన పెట్టి చూస్తే అసలు సంగతి తేలుతుంది. ఎం340ఐ టూరింగ్‌లో ఉన్న బీ58 ఇంజినే గత తరం ఎక్స్3 ఎం40ఐ ఎస్‌యూవీలోనూ ఉండేది. ఆ ఎక్స్3 డిక్కీ 550 లీటర్లు, అంటే ఎస్టేట్ కన్నా ఎక్కువయ్యింది 50 లీటర్లే. ఎత్తు మాత్రం సుమారు 20 సెంటీమీటర్లు ఎక్కువ. ఆ ఎత్తు వల్ల గాలి మరింత అడ్డుకుంటుంది, బరువు పైకి జరుగుతుంది, మలుపులో ఒరుగు పెరుగుతుంది, దాన్ని ఆపడానికి స్ప్రింగులు బిగించాలి, బిగిస్తే గతుకు నడుముకు తగులుతుంది. సామాను చోటు కోసమే ఎస్‌యూవీ కొంటున్నామనేవాళ్లు ఈ లెక్క ఓసారి చూసుకోవాలి.

మన దగ్గర ఎస్టేట్ ఎన్నడూ కుదురుకోలేదు. 1992లో టాటా ఎస్టేట్, ఆ తర్వాత బలెనో ఆల్టూరా, ఆక్టావియా కాంబి, ఇండిగో మరీనా... అన్నీ వచ్చి వెళ్లాయి. డిక్కీ విడిగా కనిపిస్తేనే కారుకి హోదా అనుకున్న రోజుల్లో ఇవి వ్యాన్‌లా అనిపించాయి. హోదా ఎత్తుకి మారేసరికి పొట్టిగా అనిపించాయి. గతుకుల రోడ్లు, కొలతలేని స్పీడ్ బ్రేకర్లు, వాన వస్తే మోకాలి లోతు నీళ్లు... ఎస్‌యూవీ కొనేవాళ్ల వాదనలోనూ న్యాయం లేకపోలేదు. విచిత్రమేంటంటే, ఎం340ఐ సెడాన్‌ను 2021 నుంచి చెన్నై దగ్గరే బిగిస్తున్నారు. ఇంజిన్ మన గుమ్మంలోకి వచ్చింది, ఎస్టేట్ ఒళ్లు మాత్రం రాలేదు. అమెరికాలోని తెలుగువారిదీ దాదాపు అదే కథ. 3 సిరీస్ ఎస్టేట్ అమ్మకాలు అక్కడ 2019లో ఆగిపోయాయి, ఆ చివరి తరంలో ఆరు సిలిండర్లు ఇవ్వనేలేదు. మెర్సిడెస్ ఈ450 ఆల్-టెరైన్ లాంటి ఒకటీ అరా మాత్రం ఆ లోటు తీర్చాయి.

కాబట్టి కొత్త కారుకి అడ్వాన్స్ ఇచ్చేముందు ఓ పని చేయండి. షోరూమ్‌కి ఇంట్లోవాళ్లందరినీ, ఊరెళ్లేటప్పుడు తీసుకెళ్లే పెట్టెల్నీ వెంటబెట్టుకెళ్లండి. అన్నీ ఎక్కించి, మలుపులున్న దారిలో ఓసారి నడపండి. ఏడాదిలో ఎన్ని రోజులు నిజంగా రాళ్ల బాట ఎక్కుతారో లెక్కేసుకోండి. మిగతా రోజులన్నీ ఆ ఎత్తును, ఆ బరువును మోయాల్సింది మీ కారు, దాని ఖర్చు భరించాల్సింది మీరే.